ముందుగా పెట్టిన కుడి కన్ను

డిసెంబర్ 4

ఇబుకి మాస్టారు ఈ నోటుబుక్కు ఇచ్చి, "చికాకంతా ఇందులో రాసెయ్, పరీక్ష కాగితంలోకి తేకు" అన్నారు. ఇచ్చి నెలైంది. తీరిక దొరకలేదు. ఈ రోజు మాత్రం రాయకపోతే తల పగిలేలా ఉంది.

ఈ రోజు నేను దరుమకు కన్ను పెట్టాను.

రాసి చూసుకుంటే ఎంత చిన్న వాక్యమో! మా ఇంట్లో నాలుగు తరాలుగా దరుమలు చేస్తున్నారు. ఏటా చలికాలానికి పది వేల బొమ్మలు. కాగితపు గుజ్జుతో చేసిన గుండ్రటి ఒళ్ళు, లోపల డొల్ల, అడుగున మట్టి బరువు, పైన ఎర్ర రంగు. కాళ్ళూ చేతులూ ఉండవు. తోస్తే పడుతుంది, మళ్ళీ లేస్తుంది. కొంగలాంటి కనుబొమలు, తాబేలులాంటి గడ్డం నాన్న గీస్తాడు. కళ్ళ చోటు మాత్రం తెల్లగా వదిలేస్తాడు. కళ్ళు పెట్టడం కొనుక్కున్నవాళ్ళ పని. కోరిక కోరేటప్పుడు ఎడమ కన్ను, తీరాక కుడి కన్ను. "చేసే చెయ్యి అడగకూడదు" అంటుంది నానమ్మ. అందుకని పది వేల బొమ్మలు చేసే ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఒక్క కన్ను కూడా పెట్టలేదు.

మధ్యాహ్నం భోజనం సగంలో లేచి గోదాములోకి వెళ్ళాను. ఎందుకు లేచానో అనవసరం. అక్కడ నాన్న పక్కన పడేసిన సరుకులో ఒక మూడో నంబరు సైజు బొమ్మ ఉంది. కనుబొమ వంకర పోయింది. కుంచె పక్కనే ఉంది. సెండై యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష పాసవ్వాలి అనుకుని ఎడమ కన్ను పెట్టాను.

అంతే అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

డిసెంబర్ 5

ఎడమ కన్ను కాదట. నాకు ఎడమ, దానికి కుడి.

పొద్దున గోదాము తలుపు తీస్తే గోడవైపు తిరిగి ఎవరో కూర్చుని ఉన్నారు. ఎర్ర దూది కోటు, నా వయసే ఉంటుంది. నేను అరిచాను. అతను ఉలిక్కిపడి తిరిగి, పెట్టె తట్టుకుని వెల్లకిలా పడి, పడినంత వేగంగా లేచాడు. ఒక కన్ను తడి సిరాలా నల్లగా ఉంది. రెండోది గుడ్డులా తెల్లగా ఉంది.

"ఏం దొరికింది?" అన్నాడు. మొదటి మాట అదే.

"ఎవరు నువ్వు?"

"మూడో నంబరు. నిన్న కుడి కన్ను పెట్టావుగా. కోరిక తీరిందన్నమాట. ఏం దొరికిందో చెప్పు. మంటలో అది చెప్పి పోవాలి నేను."

"ఏమీ దొరకలేదు! పరీక్ష మార్చిలో!"

"కన్ను అబద్ధం చెప్పదు."

అరుపుకు నానమ్మ వచ్చింది. భయపడలేదు. అతని ముఖం చూసింది, తర్వాత నా వేలి మీద సిరా చూసింది.

"ఏ పక్క పెట్టావే?"

"ఎడమ పక్క నానమ్మా."

"ఎవరి ఎడమ?"

నేను సిరా వేలు వెనక్కి దాచుకున్నాను.

"పన్నెండేళ్ళు చదివావు కదే. ఎదురుగా కూర్చున్నవాడి ఎడమ ఎటుంటుందో చెప్పలేదా మీ బళ్ళో?"

ఈ ఇంట్లో పదో తరగతి దాటి చదివింది నేనొక్కదాన్నే. ఆ మాట రోజుకొకసారి ఏదో రూపంలో వినాల్సి వస్తుంది. ఈ రోజు మాత్రం నిజంగానే తలెత్తుకోలేకపోయాను.

నానమ్మ తీర్పు ఇది: మార్చి ఆఖరి ఆదివారం గుడిలో పాత దరుమలన్నీ కాలుస్తారు. అతనూ అప్పుడే పోతాడు. అప్పటిదాకా పని చేస్తాడు.

డిసెంబర్ 6

అతను పడుకోడు. పడుకోబెట్టినా లేస్తాడు. నానమ్మ నాలుగుసార్లు తోసి చూసి, "సరుకు మంచిదే" అని వెళ్ళిపోయింది.

డిసెంబర్ 9

నాన్న ఇంతవరకూ ఏమీ అడగలేదు. సీజన్‌లో ఎలుగుబంటి వచ్చి చేతులు కడుక్కుని నిలబడినా నాన్న దానికి రంగు డబ్బా అందిస్తాడు. "బాబూ, ఆ వరస ఎండలో పెట్టు" అంటాడు, అతను పెడతాడు. పుల్లలకు గుచ్చిన బొమ్మల్ని ఎండుగాలిలో వరసగా నిలబెట్టి, ఒక్కోదాన్నీ పలకరిస్తాడు. అమ్మకు మాత్రం అతనంటే జాలి. "కన్ను పోయిందా పాపం" అని మూడు పూటలా అన్నం పెడుతుంది. అతను తినడు. అమ్మ చూడనప్పుడు ఆ అన్నం నేను తింటున్నాను. పరీక్షకు ముందు లావైతే ఆ పాపం అతనిదే.

ఒంటి కన్నుతో దూరం తెలియదు అతనికి. టీ గిన్నె కోసం చెయ్యి చాపి గాలిని పట్టుకుంటాడు. మాట్లాడాలంటే మరీ మీదకొచ్చి నిలబడతాడు, లేదా పెరట్లోంచి అరుస్తాడు. మధ్యస్థం లేదు. అరిచేది ఒక్కటే ప్రశ్న.

"ఏం దొరికింది?"

ఈ రోజు పద్నాలుగుసార్లు.

డిసెంబర్ 14

మినెకో వచ్చింది. బడిలో నా పక్క బెంచీ. లెక్కల పుస్తకం అంచుల నిండా పెద్ద కళ్ళ అబ్బాయిల బొమ్మలు గీస్తుంది, ఎప్పటికైనా మాంగా బొమ్మల కథలు గీసే మనిషినవుతానంటుంది. దానికి చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను.

భయపడుతుందనుకుంటే గంతులేసింది.

"ఒసే చిగూసా! గోదాములో ఒంటి కన్ను అబ్బాయి! మూడు నెలల్లో చచ్చిపోతాడు! నీకెంత అదృష్టమే!"

"చచ్చిపోవడం కాదు, కాలుస్తారు."

"ఇంకా మంచిది!"

అతన్ని కూర్చోబెట్టి తెల్ల కన్ను మీదకు జుట్టు దువ్వింది. మాంగాలో ఒంటి కన్ను వాళ్ళందరూ అలాగే దువ్వుకుంటారట. పేరు లేకపోవడం ఘోరమని షుజీ అని పేరు కూడా పెట్టింది. తర్వాత నన్ను పక్కకు లాగి నియమాలు చెప్పింది: అతను నన్ను చూసినప్పుడు గాలి వీచాలి, నా ముఖం ఎర్రబడాలి, వెనక పూలు రాలాలి.

"ఇక్కడ ఎప్పుడూ గాలే. అది మా ఊరి వాతావరణం" అన్నాను.

"మరి ముఖం?"

"రంగు పడింది."

పోయేటప్పుడు దానికి షుజీ వంగి నమస్కారం పెట్టాడు. వంగినవాడు అలాగే తల నేలకు తాకేదాకా వెళ్ళి తిరిగి లేచాడు. "ఎంత మర్యాదే!" అంది మినెకో. మర్యాద కాదు, అడుగున బరువు.

వేరే పేరు లేదు కాబట్టి షుజీ అనే రాస్తాను. దానికి అర్థమేమీ లేదు.

డిసెంబర్ 22

శ్రేఢుల లెక్కలు చేస్తున్నాను. పైకి చదివితే తప్ప నాకు ఎక్కదు. నానమ్మకు అది మంత్రాలు చదివినట్టుంటుందని నన్ను గోదాములోకి తరిమింది. అక్కడ షుజీ గోడవైపు తిరిగి కూర్చుని బొమ్మల అడుగున మట్టి అతికిస్తున్నాడు.

"ఆగు. ఆ రెండో వరస ఎందుకు సగమైంది?" అన్నాడు.

"నిన్నెవరు వినమన్నారు?"

"చెవులున్నాయి కదా. ఎందుకు సగమైంది?"

చెప్పాను. అర్థం కాలేదన్నాడు. మళ్ళీ చెప్పాను. వేరే ప్రశ్న వేశాడు, అది నాకూ తెలియదు. తెలియదని చెప్పడానికి మనసొప్పక గంటసేపు దాంతో కుస్తీ పట్టాను. చివరికి వచ్చింది. చెప్పాను. "తర్వాత?" అన్నాడు.

ఇలాగైతే పుస్తకం ఎప్పటికి పూర్తవుతుంది? మూడు పేజీలకు ఒక సాయంత్రం పోయింది.

నా జుట్టులో కాగితం ముక్క ఉందని తీయబోయి చెవిలో వేలు పొడిచాడు. ఇంకా నొప్పిగా ఉంది.

డిసెంబర్ 23

నాలుగు పేజీలు.

జనవరి 2

దరుమల సంత. పొద్దున్నుంచీ నిలబడి కాళ్ళు కర్రలయ్యాయి. బేరాలకు షుజీని ముందు పెట్టడం నాన్న తెలివి. ఒక ముసలావిడ పది బొమ్మలు తిప్పి చూసి పెదవి విరిచింది.

"ఒక్కటీ నా వంక చూడట్లేదు."

"కళ్ళు లేవు కదా అమ్మమ్మా. నువ్వు పెట్టు, చూస్తుంది. కానీ దాని ఎడమ ముందు పెట్టాలి సుమా. నీ ఎడమ కాదు. కొందరు చదువుకున్నవాళ్ళకు కూడా తెలియదు" అన్నాడు షుజీ.

ఆవిడ నవ్వి రెండు కొంది. నేను నవ్వలేదు.

మధ్యాహ్నం గాలి లేచింది. షుజీ లోపల డొల్ల కదా, గుడి మెట్ల మీదినుంచి గాలి అతన్ని జనంలోకి తోసుకుపోతుంటే పట్టుకుని లాగాను. పట్టుకుంది కోటు చేతిని. చేతిని కాదు. మినెకో అటువైపు నిలబడి చూసి, దేశమంతటికీ పెట్టే మొదటి విడత ఉమ్మడి పరీక్షకు పదమూడు రోజులుండగా బొమ్మ గీసి పంపింది. అందులో మా వెనక పూలు రాలుతున్నాయి. దుకాణం మూసేదాకా కోటు చెయ్యి వదల్లేదన్నది నిజమే. గాలి తగ్గలేదు మరి.

జనవరి 15

ఉమ్మడి పరీక్ష అయింది. ఇంగ్లీషు ఘోరం. లెక్కలు పర్వాలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న కొలతలు చూసుకుంటున్నాడు. "అయిందా అమ్మాయ్" అన్నాడు. "రెండో లెక్కలో నాన్నా..." అని మొదలుపెట్టాను. "ఆ జిగురు గిన్నె ఇటందుకో" అన్నాడు. అందించాను.

గోదాములో షుజీ ప్రతి ప్రశ్నా అడిగాడు. ఒక్కోటీ చెప్పాను. స్నానానికి పెట్టిన నీళ్ళు చల్లారిపోయాయని అమ్మ తిట్టింది.

జనవరి 30

సీజన్ అయిపోయింది. నానమ్మ గడపలో ఎండకు కూర్చుని చెప్పిన సంగతులు, మరిచిపోకుండా:

దరుమ మంటలోకి వెళ్ళేటప్పుడు ఏం తీరిందో చెప్పాలి. చెప్పేది ఉంటేనే సుఖంగా పోతుంది. చెప్పేది లేనిది మంటలోకి పోదు, మిగిలిపోతుంది. మిగిలితే ఏముంది, ఉంటుంది కదా అన్నాను. నానమ్మ నన్ను అదోలా చూసింది.

"కాగితం కదే పిల్లా. ఆషాఢం వానలొస్తే ఏమవుతుంది?"

నాకేం సంబంధం. ఇంకా యాభై అయిదు రోజులు భరించాలి, అంతే.

ఫిబ్రవరి 11

ఈ రోజు ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 12

నిన్న ఏమీ జరగలేదని రాశాను. ఏమీ జరగకపోతే ఆ మాట రాసేదాన్ని కాదు.

నిన్న సంభావ్యత లెక్క ఒకటి చెబుతున్నాను. చాలా పొడుగు లెక్క. మధ్యలో అమ్మ పిలిచింది, వెళ్ళి వచ్చాను. నానమ్మ పిలిచింది, వెళ్ళి వచ్చాను. రెండుసార్లూ షుజీ నేను వదిలిన మాట దగ్గరే కూర్చుని ఉన్నాడు. "ఎర్ర బంతి తీసి పక్కన పెట్టావు. తర్వాత?" అన్నాడు. చివరిదాకా చెప్పాను. చెప్పి పుస్తకం మూస్తుంటే డిసెంబర్ 4 మధ్యాహ్నం భోజనం గుర్తొచ్చింది. అప్పుడు నేను ఏం చెప్పబోయానో, నాన్న ఏం అందుకోమన్నాడో, లేచి గోదాములోకి ఎందుకు వెళ్ళానో. కుంచె బొమ్మను తాకే ముందు మనసులో నిజంగా ఏముందో.

పరీక్ష కాదు.

"ఏం దొరికింది?" అన్నాడు షుజీ అప్పుడే. రోజూ అడిగేదే.

"ఏమీ లేదు, మార్చిదాకా ఆగు" అన్నాను.

అబద్ధమాడాను. మాస్టారు చూడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: తెలిసీ అబద్ధమాడాను. చెబితే మంటలోకి వెళ్ళిపోతాడు.

ఫిబ్రవరి 20

అతని చెంప మీద పగులు. జుట్టు దాని మీదకు దువ్వుకున్నాడు. ఇప్పుడు కన్నూ చెంపా రెండూ జుట్టు కింద. పెరుగుతున్న గాలికి రంగు బీటలిస్తోంది, అడుగున కాగితం కనిపిస్తోంది. మా పాత లెక్కల పుస్తకం కాగితమే అది, నాన్న గుజ్జులో కలిపినది. చెంప మీద సగం అంకె కూడా ఉంది.

జిగురు రాస్తానంటే "వద్దు, చక్కిలిగిలి" అన్నాడు. రాశాను. మూడువేళ్ళ పొడవు పగులుకు అరగంట పట్టింది. తిన్నగా కూర్చోమంటే కూర్చోడు. మనుషులకు చేసేదానికంటే బొమ్మలకు చేసేది ఎక్కువ సేపు పడుతుంది. రాయడం అయ్యాక కూడా నా చెయ్యి అక్కడే ఉందని నవ్వాడు. చలి.

ఫిబ్రవరి 27

అతను అడగడం మానేశాడు.

వారమైంది. నేను గమనించలేదు. అంటే, గమనించి రాయలేదు. పద్నాలుగుసార్లు అడిగినప్పుడు తల తినేస్తున్నాడని ఏడ్చాను. ఇప్పుడు గోదాములోకి వెళ్ళగానే చెవులు ఆ మాట కోసం చూస్తున్నాయి. లెక్కలు వింటాడు, "తర్వాత?" అంటాడు. అది మాత్రం అడగడు.

మార్చి 4

సెండై. రెండో పరీక్ష. హాలు నిండా వేడి, నా పక్కనున్నమ్మాయి ఏడుస్తూ రాసింది. మూడో లెక్క చదవగానే నవ్వొచ్చింది. డిసెంబర్‌లో ఎందుకు సగమైందని షుజీ అడిగినదే, కొద్దిగా వేషం మార్చుకొచ్చింది. రాశాను. రాసి, పక్కకు తిరిగి చెప్పబోయాను.

పక్కన గోడ.

మార్చి 20

సెండైలో ఫలితాలు చూసి తంతి కొట్టే కుర్రవాళ్ళుంటారు. వాళ్ళకు డబ్బు కట్టి వచ్చాను. మధ్యాహ్నం తంతి వచ్చింది, తలుపు తీసింది నాన్న. కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"చెర్రీ పూసిందట."

"ఏ చెర్రీ?" అంది అమ్మ వంటింట్లోంచి.

"తెలీదు. ఎక్కడ పూసింది, ఇంత చలిలో? ఎవరో తప్పు ఇంటికి పంపారు."

అమ్మ చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళి నిజంగానే చెట్టు చూసి వచ్చింది. ఈ ఇంటికి అలాంటి తంతి ఎన్నడూ రాలేదు, వాళ్ళకెలా తెలుస్తుంది? పాసైతే అలాగే రాస్తారు నాన్నా అన్నాను. నాన్న కాగితాన్ని బుద్ధుడి అలమరలో, తాతయ్య ఫొటో ముందు పెట్టాడు. తర్వాత నా చేతిలోని జిగురు గిన్నె తీసుకుని తనే కడిగాడు.

షుజీకి చెప్పాను. ఎగిరి గంతేసి తలకిందులై లేచాడు. నవ్వు ఆగాక నా వంక చూశాడు.

"అయితే ఇదేనా దొరికింది?"

ఎన్నాళ్ళకు అడిగాడు! "అవును" అంటే చాలు. ఆదివారం మంటలో "సెండై పాసైంది" అని చెప్పి పోతాడు. కానీ అది అబద్ధం. అబద్ధం పట్టుకుని మంటలోకి వెళ్ళినవాడికి ఏమవుతుందో నాకు తెలియదు.

"ఇది కాదు" అన్నాను.

మార్చి 23

గొడవ. మొదలుపెట్టింది నేనే.

"మంటకు వెళ్ళొద్దు" అన్నాను.

"వెళ్ళక?"

"ఉండు."

"ఎక్కడ? గోదాములోనా?" అని నన్ను మూలకు తీసుకెళ్ళాడు. చీకట్లో అడుగు వరసలో పాత బొమ్మ ఒకటి. నల్లగా బూజు, ముఖం లోపలికి కుంగిపోయింది. "నువ్వు కన్ను పెట్టేదాకా మూడేళ్ళు నా పక్కన ఉండేది ఇది. ఎవరో తిరిగి తెచ్చి, ఏం తీరిందో చెప్పకుండా వదిలేశారు. కళ్ళు లేకపోయినా ప్రతి వానకూ దానికేమవుతోందో తెలిసింది చిగూసా."

"నేను వానలో తడవనివ్వను."

"నువ్వు సెండై వెళ్తున్నావు."

ఆ మాటకు మనిషి ఏం చేస్తుంది? అరుస్తుంది. నీకు మంటే ముఖ్యం అన్నాను, బొమ్మవి కదా అన్నాను. అతను కోపం తెచ్చుకోలేదు. అదే చికాకు. కోపం తెచ్చుకుంటే తేలికయ్యేది.

"నీకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు" అన్నాడు. "ఖాళీగా పంపకు నన్ను. అదొక్కటే అడుగుతున్నాను."

మార్చి 25

గుడికి అతనూ నేనూ నానమ్మా. నానమ్మ ముందు నడిచింది. గాలి ఉంది. ఈసారి చేతిని పట్టుకున్నాను, కోటును కాదు.

ఆవరణలో పాత దరుమలు మనిషెత్తు గుట్ట. రెండు కళ్ళవీ, ఒంటి కన్నువీ. పక్కన బల్ల మీద సిరా, కుంచె పెట్టారు, కోరిక తీరి రెండో కన్ను ఇంకా పెట్టనివాళ్ళ కోసం. గుట్టకు ఒక మూల అప్పుడే అంటించారు.

షుజీ గుట్ట ముందు ఆగి నా వైపు తిరిగాడు. ఎప్పటిలాగే మరీ దగ్గరగా నిలబడ్డాడు.

"చెప్పు."

చెప్పాను. బడిలో ఇబుకి మాస్టారు చెప్పిన ఒక సంగతి డిసెంబర్ 4 మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర చెప్పబోయాను. మొదటి వాక్యం సగంలో ఉండగా నాన్న జిగురు గిన్నె అడిగాడు. లేచి గోదాములోకి వచ్చాను. పరీక్ష అని పైకి అనుకున్నాను, కానీ కుంచె ముంచినప్పుడు మనసులో ఉన్నది వేరే. నా మాట చివరిదాకా వినే మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండు అని.

"అంటే..." అన్నాడు.

"అంటే నువ్వే. కన్ను పెట్టిన క్షణమే దొరికింది. నువ్వు చెప్పిందే నిజం. చాలా?"

అతను ఆలోచించాడు. "అయితే నేను దొరికానని, నేనే వెళ్ళి మంటకు చెప్పాలా?"

"అవును."

"ఇంత పిచ్చి బేరం ఎక్కడా వినలేదు" అని నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి పడ్డాడు.

నేను ఆగాను. చలికాలమంతా రోజుకు పదిసార్లు పడ్డాడు, పదిసార్లూ లేచాడు. ఆగాను. లేవలేదు. కిందికి చూస్తే రాళ్ళ మీద మూడో నంబరు దరుమ. వంకర కనుబొమ, చెంప మీద నా జిగురు. పక్కకు ఒరిగి పడి ఉంది. తోశాను. ఒరిగింది, అలాగే ఉండిపోయింది. ఒరిగి పడుకున్న దరుమను నా పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చూడలేదు.

"తెలియాల్సింది తెలిసిపోయింది. ఇక లేవదే" అంది నానమ్మ నెమ్మదిగా. గుడి పూజారి స్వామివారు తీసుకోవడానికి చేతులు చాపారు.

అప్పుడు దాని తెల్ల కన్ను చూశాను. ఎడమది. కోరేటప్పుడు పెట్టాల్సిన కన్ను. ఆ కన్నుతో ఎవరూ ఏమీ కోరలేదు ఇంకా.

బొమ్మను లాక్కుని బల్ల దగ్గరకు పరిగెత్తాను. సూటు వేసుకున్న పెద్దాయన ఒకాయన కుంచె ముంచుతున్నాడు. ఆయన చేతిలోంచి కుంచె గుంజుకున్నాను.

"అమ్మాయ్, నా వ్యాపారం..."

"ఒక్క నిమిషం ఆగదా మీ వ్యాపారం!"

మిగిలింది ఒక్క కన్నే అయినా ఈసారి తప్పు చేయదలచుకోలేదు. బొమ్మ ముఖాన్ని నేను చూస్తున్న వైపుకే తిప్పి పెట్టి, నా ఎడమ చెయ్యి ఎత్తి చూసుకుని, ఆ వైపున్న జిగురు మరకను గుర్తు పెట్టుకుని, అప్పుడు నా వైపు తిప్పాను. వెనక నానమ్మ "అబ్బ, నేర్చుకుందిరా" అంటోంది. కన్ను పెట్టాను.

ఏం కోరానో రాయను. ఈసారి మాత్రం ఏం కోరుతున్నానో తెలిసే కోరాను.

బొమ్మ ఊగింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. లేచి నిలబడింది.

"రెండు కళ్ళూ ఉన్నాయి కదమ్మా, పూర్తయినట్టే. ఇలా ఇవ్వు" అన్నారు స్వామివారు.

"పూర్తి కాలేదు స్వామీ" అంది నానమ్మ అడ్డం నిలబడి. "ఇది ముందు తీరింది, ఇప్పుడే కోరింది. కోరి నిమిషం కాలేదు. ఏడాది గడువుంది దీనికి."

"అలాంటి పద్ధతి ఎక్కడుంది? నలభై ఏళ్ళుగా చూస్తున్నాను..."

"మీరు నలభై ఏళ్ళుగా కాలుస్తున్నారు. మేం నాలుగు తరాలుగా చేస్తున్నాం. కళ్ళ సంగతి ఎవరికి తెలుస్తుంది?"

వాళ్ళిద్దరూ వాదించుకుంటుండగా నా ముందు ఎర్ర కోటు నిలబడి ఉంది. జుట్టు వెనక్కి పోయింది. రెండు కళ్ళతో నన్ను చూస్తున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, మళ్ళీ ముందుకు వేశాడు, కొలుచుకుంటున్నట్టు.

"ఇంత దగ్గరగా ఉన్నావా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ?"

నా ముఖం ఎర్రబడితే మంట వేడి.

ఏప్రిల్ 3

రైలులో రాస్తున్నాను, అక్షరాలు ఊగుతున్నాయి.

స్టేషన్‌దాకా నాన్న మా ఇద్దర్నీ బొమ్మల బండిలో దింపాడు. వంతెన దాటాక, ఎదుటి రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, "ఆ లెక్కల్లో ఏముంటుంది అమ్మాయ్?" అన్నాడు. మొదలుపెట్టాను. స్టేషన్ వచ్చింది, నేను ఆగాను. నాన్న ఇంజిను ఆపి, "తర్వాత?" అన్నాడు. రైలు తప్పిపోయేది కొంచెంలో. దిగుతుంటే షుజీ వంక చూపించి, "సీజన్‌కు వాణ్ణి తీసుకురా, మంచి పనివాడు" అన్నాడు. అతనెవరో ఇప్పటికీ అడగలేదు.

మినెకో ప్లాట్‌ఫాం మీద గుప్పిళ్ళతో కాగితపు పూలు తెచ్చి మా మీద చల్లింది. పాత పరీక్ష కాగితాలు కత్తిరించి చేసిందట. ఒకటి నా కాలర్‌లో పడి ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

షుజీ కిటికీ పక్కన కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా నా మీదకు ఒరిగి మళ్ళీ లేస్తున్నాడు. అన్ని మలుపులు లేవు ఈ దారిలో.

"ఏం కోరావు?" అంటున్నాడు.

"చెప్పను."

"ఏం కోరావు?"

"తీరినప్పుడు తెలుస్తుంది. వచ్చే మార్చిదాకా గడువుంది."

ఎక్కిన దగ్గరనుంచి పదకొండుసార్లు. సెండైకి ఇంకా మూడు గంటలు. తర్వాత ఏడాది. తల తినేస్తాడు. ఎదుటి సీటు ముసలాయన నిద్ర కూడా చెడగొట్టాడు.

పన్నెండోసారి చెవిలో అడగాలని వంగాడు. పొడుస్తాడేమోనని చెవి కప్పుకున్నాను. పొడవలేదు.

దూరం సరిగ్గా కుదిరింది.